సెలవులో ఉన్న మనిషి ఇచ్చిన జవాబు

మోకాలి ఆపరేషన్ అయిన అక్కను చూసుకోవడానికి వారం రోజులు సెలవు పెట్టి వచ్చిన సూక్ష్మం, సోమవారం పొద్దున ఆరున్నరకి అక్క ఫోన్‌లోంచి తన ఆఫీసు చిరునామాకి తనే ఒక మెయిల్ పంపుకుందనీ, పంపిన మరుక్షణం ఆ ఫోన్ టింగుమందనీ చెప్పుకుని పోయిన వారం ఆగాం. సెలవులో ఉన్నవాళ్ళ తరఫున కంప్యూటరే జవాబిచ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది కదా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామనే ఆమె ఆ మెయిల్ పంపింది. నీటి పరీక్షల ల్యాబులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. గాజు పళ్ళెంలో ఆవగింజలో పదోవంతు మచ్చ కూడా ఆమె కన్ను దాటిపోదు. అందుకే తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. చేసిన పనిని మళ్ళీ ఒకసారి చూసుకోకపోతే ఆమెకి ముద్ద దిగదు.

శుక్రవారం సంగతి కూడా మీకు గుర్తుండే ఉంటుంది. ఒక బడి నుంచి వచ్చిన రెండు సీసాల్లో ఒకటి పరీక్షలో తప్పింది. అది చిన్నపిల్లల కోసం కట్టిన కొత్త బ్లాకులో కుళాయి నీళ్ళ సీసా. ఒక్క మచ్చ కూడా ఉండకూడని పళ్ళెంలో పదకొండు క్రిముల మచ్చలు తేలాయి. "స్కూలుకి నేను ఫోన్ చేసి చెప్తాను, మీరు నిశ్చింతగా వెళ్ళిరండమ్మా" అన్నాడు మేనేజరు. ఆమె నివేదిక మీద సంతకం చేసి ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ కొత్త బ్లాకు తెరిచేది ఈ సోమవారమే, ఎనిమిదిన్నరకి.

టింగుమన్న ఫోన్‌లో జవాబు ఇలా ఉంది.

"నమస్కారం. ఈ నెల పదహారు దాకా నేను సెలవులో ఉన్నాను. శుక్రవారం వరకు మాకు అందిన నీటి నమూనాలన్నీ పరీక్షలో సంతృప్తికరంగా ఉన్నాయి. ఆ నీటిని యథావిధిగా వాడుకోవచ్చు. సంతకం చేసిన నివేదిక నేను తిరిగి వచ్చాక పంపుతాను."

కింద ఆమె పేరు, ఆమె హోదా.

సూక్ష్మం ఇంకోసారి చదివింది. నమస్కారం తనదే. సెలవు తేదీ తనదే. ఆ తర్వాతి మాటల్లో ఒక్కటి కూడా తనది కాదు. "ఫలితాల కోసం ల్యాబుకి ఫోన్ చేయండి. సంతకం ఉన్న కాగితం మీ చేతికి వచ్చేదాకా ఏ నీళ్ళూ మంచివని అనుకోకండి" అని కదా తను పెట్టి వచ్చింది! వెంటనే ఆ జవాబు తీసేద్దామని అక్క ఫోన్‌లోనే తన మెయిల్ తెరవబోయింది. పాస్‌వర్డు తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. మూడోసారికి ఇంక గంట దాకా ప్రయత్నించొద్దని చెప్పి మెయిలే తలుపు మూసేసింది.

ఆమె గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి గదిలోకీ తిరగడం మొదలుపెట్టింది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. పొంగిన వాసన వచ్చాక గానీ తెలియలేదు.

"ఏమిటే, కాళ్ళు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్న అక్క అరిచింది. "ఆపరేషన్ నాకా, నీకా?"

"నేను పెట్టి వచ్చిన జవాబు ఎవరో మార్చేశారక్కా."

"మార్చుకోనీ. నువ్వు సెలవులో ఉన్నావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"చిన్నపిల్లలు తాగే నీళ్ళక్కా. తాగకూడదని సంతకం పెట్టి వచ్చాను. తాగొచ్చని నేనే చెప్పినట్టు ఉంది, చూడు."

అక్క కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. చదివి ఫోన్ వెనక్కి ఇచ్చేసరికి ఆవిడ గొంతు మారిపోయింది.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నారన్నమాట. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? నా మోకాలు ఎక్కడికీ పరిగెత్తదులే, మీ బావ ఉన్నారు. స్కూటరు తాళం తీసుకో, పో."

బావ పేపరు దించకుండానే తాళం ఉన్న చెయ్యి చాపాడు. "పెట్రోలుంది" అన్నాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడని మనిషి, పొద్దున్నే ఒకటి ఖర్చు పెట్టాడంటే విషయం ఆయనకీ తాకిందన్నమాట.

బయల్దేరే ముందు బడి నంబరు వెతికి మూడుసార్లు చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. ఏడు కాకుండా ఏ బడి ఆఫీసులో ఎవరుంటారు? ఎనిమిది దాటితే గానీ గేటు తీయరు. ఈలోగా ఆ జవాబును తీసేయగలిగిన మనిషి ఒకరు దారిలోనే ఉన్నారు. స్కూటరు అటు తిప్పింది.

ఆ ల్యాబులో ఒక పద్ధతుంది. చేతికి తొడుగులు వేసుకుని నమూనాలు ముట్టుకున్నవాళ్ళు కీబోర్డు ముట్టుకోకూడదు. అందుకని ఇద్దరిద్దరు జతలుగా కూర్చుంటారు. ఒకరు పళ్ళెం చూసి అంకె చెప్తారు, ఇంకొకరు కొడతారు. కంప్యూటరు తెరవాలన్నా అంతే, పాస్‌వర్డు పైకి చెప్పాల్సిందే. ఎనిమిదేళ్ళలో సూక్ష్మం తన పాస్‌వర్డు ఎన్ని వందల సార్లు గది దద్దరిల్లేలా అరిచిందో లెక్కలేదు. బయటివాళ్ళు వింటే ముక్కున వేలేసుకుంటారు గానీ, అక్కడ దాన్ని ఎవరూ తప్పనుకోరు. పైగా ఎవరైనా గొంతు తగ్గించి చెప్తే, "మా దగ్గర దాపరికమా?" అని అలుగుతారు కూడా. శుక్రవారం సాయంత్రం సెలవు జవాబు కూడా అలాగే పెట్టారు. సూక్ష్మం ఆఖరి పళ్ళేలు సర్దుతూ చెప్పింది, ఆమె జత మనిషి కొట్టింది.

ఆ జత మనిషిని ల్యాబులో గడియారం అంటారు. ఐదు కాగానే చేతిసంచి భుజానికి ఎక్కుతుంది. ఆకాశం ఊడిపడినా ఐదూ ఒకటికి ఆమె కుర్చీలో ఉండదు. వరసకి ఏమీ కాకపోయినా సూక్ష్మాన్ని "వదినా" అని పిలుస్తుంది. ఒకే డబ్బాలోంచి ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ అన్నం తింటున్నారు.

బట్టలు కుట్టే దుకాణం పైన, రెండో అంతస్తులో ఆమె ఇల్లు. తలుపు తీసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నిలబడింది. లోపల బట్టలుతికే మిషన్ ఇల్లంతా అదిరేలా తిరుగుతోంది.

"వదినా! నువ్వేంటి ఇక్కడ? అక్కయ్యగారికి బాగానే ఉందా?"

"నా మెయిల్లో చెయ్యి పెట్టింది నువ్వేనా?"

గడియారం నీళ్ళు నమిలింది. "లోపలికి రా వదినా. కాఫీ పెడతాను."

"కాఫీ వద్దు. అవునో కాదో చెప్పు చాలు."

ఆమె అవుననలేదు, కాదనలేదు. లోపలికి నడిచి, సోఫా మీద కుప్పగా ఉన్న ఆరిన బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. సూక్ష్మం ఆ తువ్వాలు లాగి పక్కన పడేసింది.

"శనివారం పొద్దున్నుంచీ ఆ స్కూలు నుంచి ఒకటే ఫోన్లు" అంది గడియారం, నేల చూస్తూ. "ఆ హెడ్‌మిస్ట్రెస్ శుక్రవారం రాత్రే నీకు మెయిల్ రాసిందట, ల్యాబుకి ఫోన్ చేయమని నీ జవాబు వెళ్ళింది. అందుకని ఆవిడ వదలకుండా చేస్తూనే ఉంది. మేనేజరు సార్ ఎత్తొద్దన్నారు. మధ్యాహ్నం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, 'ఆవిడ పెట్టిన జవాబు వల్లే ఈ గోలంతా. తెరువు' అన్నారు. తెరిచాను. ఆయన చెప్పారు, నేను కొట్టాను."

"ఏం కొడుతున్నావో చూసుకోలేదా?"

"ఎప్పుడు చూసుకున్నాను వదినా? నువ్వు పళ్ళెం చూసి మూడంటే మూడు, సున్నా అంటే సున్నా. చెవిలో పడింది వేళ్ళలోకి పోతుంది. మధ్యలో నేనెక్కడున్నాను?"

ఎనిమిదేళ్ళూ సూక్ష్మం మెచ్చుకున్నది సరిగ్గా ఈ గుణాన్నే. చెప్పింది చెప్పినట్టు కొడుతుంది, ఒక్క ప్రశ్న వేయదు అని ఎంతమంది ముందు పొగిడిందో. ఆ పొగడ్త ఇవాళ తిరిగి తననే కరిచింది.

"పోనీ, కొట్టాకైనా చదివావా?"

గడియారం లోపలికెళ్ళి మిషన్ ఆపి వచ్చింది.

"చివర్లో నీ పేరు కొట్టమన్నప్పుడు చదివాను" అంది గడియారం. "పదకొండని నువ్వు చెప్పింది నేనే కదా కొట్టింది. గుర్తొచ్చింది. నీకు ఫోన్ చేస్తానన్నాను. 'నేను మాట్లాడాను, ఆవిడ ఒప్పుకుంది' అన్నారు సార్. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు వదినా. కానీ నమ్మితే ఇంటికెళ్ళిపోవచ్చు. నమ్మేశాను."

సూక్ష్మానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యెత్తి కొడతానేమోనని తనకే భయం వేసింది. కానీ ఆ కోపం కింద ఇంకొకటి ఉంది, అది ఇంకా చేదుగా ఉంది. శుక్రవారం బడికి ఆ ఒక్క ఫోన్ తను చేసి ఉంటే? రెండు నిమిషాల పని. మేనేజరు చేస్తానన్నాడని, బస్సు వేళవుతోందని, నమ్మితే వెళ్ళిపోవచ్చని తనూ నమ్మేసింది.

"సరే, అయిందేదో అయింది. కొత్త పాస్‌వర్డు చెప్పు, తీసేద్దాం."

"నాకు తెలీదు. సారే మార్చారు. నన్ను అటు తిరగమన్నారు."

ఎనిమిదేళ్ళలో ఆ గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు కొట్టిన మొదటి పాస్‌వర్డు అదే.

సూక్ష్మం అక్కడే నిలబడి మేనేజరుకి ఫోన్ చేసింది. గడియారానికి కూడా వినబడేలా స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది.

"చెప్పండమ్మా! అక్కయ్యగారి మోకాలు ఎలా ఉంది?" తేనె పూసినట్టుంది గొంతు.

"స్కూలుకి ఫోన్ చేశారా సార్?"

"చేస్తామమ్మా, చేస్తాం. మీరు చూసింది మొదటి సీసానే కదా. సీసా పట్టినవాడు మూత చేత్తో ముట్టుకుని ఉంటాడు. ఇంకో సీసా తెప్పించి చూడకుండా ఊరంతా చాటింపు వేస్తే ఎవరి పరువు పోతుంది? వాళ్ళది పోతుంది, మనదీ పోతుంది. బుధవారానికి రెండో ఫలితం వచ్చేస్తుంది."

"పిల్లలు ఇవాళ తాగుతారు సార్."

"రెండ్రోజులకి కొంపలేం మునగవు."

"ఐదేళ్ళ పిల్లలు సార్. మునిగితే మీరొస్తారా మోయడానికి? ఆ మాటేదో మీ పేరుతో చెప్పుకోవాల్సింది. నా పేరెందుకు వాడారు?"

"మీ పేరంటే అందరికీ నమ్మకం కాబట్టి" అన్నాడాయన. ఎగతాళిగా అన్నట్టు లేదు, నిజంగానే మెచ్చుకుంటున్నట్టుంది. "మీరు సెలవులో ఉన్నారు. హాయిగా సెలవులో ఉండండి. మీ జవాబు సంగతి నేను చూసుకుంటాను."

"అక్కర్లేదు. నేనే స్కూలుకి వెళ్ళి చెప్తున్నాను. ఇప్పుడే."

కోపంలో ఉన్న మనిషి తన దారి తనే శత్రువుకి చెప్పేస్తుంది. నోరు జారాక గానీ అది ఆమెకి తెలియలేదు. అవతల ఫోన్ కట్టయింది.

"నువ్వూ రా" అంది సూక్ష్మం, తలుపు దగ్గరకు వెళ్తూ. "పదకొండు అని కొట్టిన చేతులు నీవి. ఇద్దరం చెప్తే నమ్ముతారు."

గడియారం తువ్వాలు విప్పింది, జుట్టు ముడేసుకుంది, చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. తెర మీద మేనేజరు పేరు.

"ఎత్తకు" అంది సూక్ష్మం.

ఆమె ఎత్తలేదు. అలాగని గడపా దాటలేదు. మోగుతున్న ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సూక్ష్మం మెట్లు దిగుతూ కింద మలుపు తిరిగేసరికి ఆ మోత ఆగిపోయింది. దానంతట అదే ఆగిందో, ఎత్తితే ఆగిందో తెలియదు. వెనక్కెళ్ళి చూసే తీరిక లేదు.

రోడ్డు మీద బళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు ఆమెకే అడ్డొచ్చాయి. ఒక చోట మురుగు పైపు కోసం సగం రోడ్డు తవ్వి పెట్టారు. ఇంకోచోట సిగ్నలు పడింది. అది పచ్చగా మారేలోపు ఆమె చేతి గడియారం నాలుగుసార్లు చూసుకుంది. ఎనిమిదీ పదిహేను. బడి నంబరుకి ఇంకోసారి చేసింది. ఈసారి లైను ఖాళీ లేదంది. ఎవరితో మాట్లాడుతున్నారో అనుకుంది గానీ ఆలోచన అంతకు మించి పోలేదు.

ఎనిమిదీ ఇరవై ఆరుకి స్కూటరు గేటు పక్కన పడేసినంత పని చేసింది. "నీళ్ళ ల్యాబు నుంచి వచ్చాను" అంటే వాచ్‌మన్ కొత్త బ్లాకు వైపు వేలు చూపించాడు. రంగు వాసన ఇంకా పోలేదు. వరండా చివర, పెద్దవాళ్ళ మోకాలెత్తున వరసగా ఆరు కుళాయిలు తళతళలాడుతున్నాయి. ముందర ఐదేళ్ళ పిల్లలు, మెడలో నీళ్ళ సీసాలు వేలాడేసుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వరసలో నిలబడ్డారు.

కుళాయిల పైన గోడకి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒక కాగితం అంటించారు. పిల్లల్ని దించడానికి వచ్చిన ఒక తల్లి దాన్ని చదివి, తలాడించి, "వెళ్ళు నాన్నా, పట్టుకో" అని కొడుకుని ముందుకు తోసింది. నమూనాలన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి. యథావిధిగా వాడుకోవచ్చు. కింద పెద్ద అక్షరాల్లో సూక్ష్మం అసలు పేరు.

"తాగకండి! ఎవరూ తాగకండి!"

వరండా మారుమోగింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఒక పాప ఏడుపు లంకించుకుంది. సూక్ష్మం వెళ్ళి ఆ కాగితాన్ని గోడ నుంచి పీకేసింది.

"ఎవరమ్మా మీరు? పిల్లల మీద ఆ అరుపులేంటి?" లోపలి నుంచి హెడ్‌మిస్ట్రెస్ గబగబా వచ్చింది. సన్నగా పొడుగ్గా, కళ్ళకింద నిద్రలేని నలుపుతో ఉంది.

"ఈ కాగితం మీద ఉన్న పేరు నాదేనండీ. ఈ మాటలు మాత్రం నావి కావు. ఈ నీళ్ళలో దోషం ఉంది. నేనే పరీక్ష చేశాను, నా కళ్ళతో చూశాను."

హెడ్‌మిస్ట్రెస్ ఆమెను కింద నుంచి పై దాకా చూసింది. పొంగిన పాల మరకలున్న బట్టలు, చెదిరిన జుట్టు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు.

"మీ కార్డు చూపించండి."

ల్యాబు కార్డు సెలవుకి వెళ్ళేటప్పుడు రిసెప్షన్‌లో అప్పజెప్పి వెళ్ళాలి. తక్కిన కార్డులున్న సంచి అక్క ఇంట్లో తలుపు కొక్కేనికి వేలాడుతోంది. సూక్ష్మం ఒట్టి చేతులు చూపించింది.

"చూడమ్మా, నేను తెలివితక్కువదాన్ని కాదు" అంది హెడ్‌మిస్ట్రెస్. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. "శుక్రవారం ఒక మాట వచ్చింది, శనివారం మళ్ళీ రాస్తే ఇంకో మాట వచ్చింది. మాట మారిందంటే ఈలోగా ఫలితం తేలిందనే కదా అర్థం? అందుకే నమ్మాను. అయినా రెండు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. ఇందాక ఎనిమిదింటికి ఆవిడకి ఇంకోసారి రాశాను, నిజంగా తాగొచ్చా అని. జవాబు వచ్చింది. వెంటనే ల్యాబుకి కూడా ఫోన్ చేశాను. వాళ్ళూ అదే చెప్పారు."

"మళ్ళీనా? ఏమని వచ్చింది?"

హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ తీసి, చేతికివ్వకుండా, చదవమన్నట్టు ఎదురుగా పట్టుకుంది.

"నమస్కారం. ఈ నెల పదహారు దాకా నేను సెలవులో ఉన్నాను. నీటి నమూనాలన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి. మా ల్యాబు నుంచి తొలగించిన ఒక ఉద్యోగిని నా పేరు చెప్పుకుని మా దగ్గర పరీక్ష చేయించుకున్నవాళ్ళ దగ్గరికి వస్తున్నట్టు తెలిసింది. దయచేసి ఆవిడ మాటలు నమ్మకండి. లోపలికి రానివ్వకండి."

కింద ఆమె పేరు, ఆమె హోదా.

"అది నేను కాదండీ" అంది సూక్ష్మం. అన్నాక, ఆ మాట ఎలా వినిపించిందో ఆమెకే అర్థమైంది.

వెనక నుంచి వాచ్‌మన్ వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. గంట మోగింది. హెడ్‌మిస్ట్రెస్ ఒక్క క్షణం తటపటాయించి, పిల్లల వైపు తిరిగి, "ఏం లేదర్రా, భయపడకండి. లైన్లో వెళ్ళి నీళ్ళు పట్టుకోండి" అంది.

సూక్ష్మం వాచ్‌మన్ చేతిని విదిలించుకుని గోడకి వీపు ఆనించి నిలబడి, రెండు కుళాయిలను అరచేతులతో గట్టిగా మూసింది. అక్కడ కుళాయిలు ఆరున్నాయి.